దానం అందిన తరువాత

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉండే సరుకు రెండు రకాలు. అంగట్లో దొరికేది ఒకటి, దొరకనిది మరొకటి. పాఠ్యపుస్తకం చిరిగితే కొత్త ప్రతి తెప్పించుకోవచ్చు. ఒక కవి చిత్తుప్రతి, ఒక శాస్త్రవేత్త నోటుబుక్కు, ఒక జమీందారీ దస్త్రం, ఒక రైతు సంఘం వేసిన కరపత్రం, ఒక తాళపత్ర గ్రంథం పోతే తెప్పించుకోవడానికి రెండో ప్రతి ఉండదు. అందుకే వీటిని విడి గదుల్లో తాళం వేసి ఉంచుతారు, ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదువుకోనిస్తారు. అరుదైన అచ్చుపుస్తకాలు, రాతప్రతులు ఉన్న భాగానికి ప్రత్యేక సంగ్రహాలని పేరు. వ్యక్తుల, సంస్థల కాగితాలను అవి పుట్టిన వరుస చెడకుండా దాచిన భాగం ఆర్కైవ్స్. రెండూ చాలావరకు దానాల మీద పెరిగినవే. గ్రాంటు డబ్బు జీతాలకు, పత్రికల చందాలకు సరిపోతే అదే గొప్ప అనుకునే చోట రాతప్రతులు కొనే ఊసు ఎవరూ ఎత్తరు.

దానం అనగానే పుస్తకాల పెట్టెలు, పూలదండ, ఫొటో గుర్తొస్తాయి. ఖర్చు మొదలయ్యేది ఆ ఫొటో తీసిన మర్నాడు. ఈ సంగతి నేర్చుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి నూట యాభై ఏళ్లు పట్టింది. గ్లోస్టర్ డ్యూక్ హంఫ్రీ 1439-1444 మధ్య ఆ విశ్వవిద్యాలయానికి 280కి పైగా రాతప్రతులు ఇచ్చాడు. అచ్చు యంత్రం ఇంకా పుట్టని కాలంలో అది చాలా అరుదైన సంపద. వాటిని పెట్టడానికి కట్టిన హాలు 1488 నాటికి గానీ పూర్తి కాలేదు. పుస్తకాలు వచ్చాయి కాని వాటిని చూసుకునే మనిషికి, మరమ్మతుకు, కొత్తవి చేర్చడానికి నిలకడైన రాబడి రాలేదు. 1550లో మత సంస్కరణ పేరుతో గ్రంథాలయాన్ని ఖాళీ చేశారు. 1556లో బల్లలు కూడా అమ్మేశారు. హంఫ్రీ ఇచ్చిన వాటిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే ఈనాడు ఆ గ్రంథాలయంలో ఉన్నాయి.

1598లో థామస్ బాడ్లీ అనే మాజీ రాయబారి ఆ ఖాళీ హాలును మళ్లీ నిలబెడతానని ముందుకొచ్చాడు. ఆయన చేతిలో డబ్బుంది. భార్య మొదటి భర్త చేపల వ్యాపారంలో గడించిన ఆస్తి అది. విద్యాదానాల చరిత్రలో ఉప్పుచేపల పాత్ర మీద ఇంకా ఎవరైనా రాయవలసే ఉంది. 1602లో గ్రంథాలయం తెరుచుకుంది. పుస్తకాలతో పాటు భూముల అద్దెలను, లండన్‌లోని ఇళ్ల రాబడిని గ్రంథాలయం పేర రాసి, ఆ రాబడితోనే గ్రంథపాలకుడి జీతం, మరమ్మతులు నడిచే ఏర్పాటు చేయడం బాడ్లీ తెలివి. ఇచ్చినవారి పేర్లు రాయడానికి పెద్ద పుస్తకం ఒకటి అందరి కంటా పడేచోట పెట్టించాడు. అది చూసి తమ పేరు లేదే అనుకున్న పెద్దమనుషులు కొత్తగా ఇవ్వడం మొదలుపెట్టారు. 1610లో లండన్ అచ్చుపనివారి సంఘంతో, వేసిన ప్రతి పుస్తకం ఒక ప్రతి ఉచితంగా పంపేలా ఒప్పందం చేసుకున్నాడు. హంఫ్రీ కానుక వందేళ్ల పైచిలుకులో చెదిరింది, బాడ్లీ కానుక నాలుగు వందల ఏళ్లు దాటి నిలిచింది. ఈ తేడాను పుస్తకాల నాణ్యతలో వెతికితే దొరకదు. అది రాబడిలో ఉంది.

దానం తీసుకునేవారి చూపు కూడా అంతే ముఖ్యం. ఇందుకు కేంబ్రిడ్జ్‌లోని ఐజాక్ న్యూటన్ కాగితాల కథను మించిన ఉదాహరణ లేదు. న్యూటన్ మేనకోడలి సంతతి వారైన పోర్ట్స్‌మత్ ప్రభువుల ఇంట్లో ఆ కాగితాలు తరాల పాటు ఉండిపోయాయి. 1872లో అయిదో ప్రభువు వాటిలో శాస్త్ర సంబంధమైనవి విశ్వవిద్యాలయానికి ఇస్తానన్నాడు. ఏది శాస్త్రమో, ఏది కాదో తేల్చడానికి శాస్త్రవేత్తలైన స్టోక్స్, ఆడమ్స్ వంటి ఉద్దండులతో కమిటీ వేశారు. పదహారేళ్ల తరువాత, 1888లో క్యాటలాగు వచ్చింది. గణితం, భౌతికశాస్త్రం ఉంచుకున్నారు. రసవాదం, బైబిల్ కాలగణన, మతచర్చలకు సంబంధించిన రాతలను పెద్దగా విలువలేనివిగా ఎంచి ఇంటికి తిప్పి పంపారు. 1936లో ఆ కుటుంబానికి డబ్బు అవసరమై, మిగిలిన కాగితాలను లండన్‌లో 329 భాగాలుగా వేలం వేసింది. వచ్చింది తొమ్మిది వేల పౌండ్ల చిల్లర. కాగితాలు దేశదేశాలకు చెదిరిపోయాయి. అర్థశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ వీలైనన్ని వెతికి కొని కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీకి వదిలిపెట్టాడు. మతసంబంధమైనవి చాలావరకు ఇప్పుడు జెరూసలేంలో ఉన్నాయి. న్యూటన్‌ను చరిత్రకారులు కొత్తగా అర్థం చేసుకున్నది కమిటీ వద్దన్న ఆ కాగితాల వల్లే. 2000 సంవత్సరంలో మరో ప్రభువంశం దగ్గరున్న న్యూటన్ కాగితాల కోసం అదే విశ్వవిద్యాలయం లాటరీ నిధిని, దాతలను కూడగట్టి 63.7 లక్షల పౌండ్లు చెల్లించింది.

ఆక్స్‌ఫర్డ్‌కూ ఇలాంటి మచ్చ ఉంది. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటం బాడ్లీ గ్రంథాలయానికి వచ్చింది. కొత్త ముద్రణ వచ్చాక పాతది అనవసరమనుకుని వదిలించుకున్నారు. అదే ప్రతి 1905లో ఒక కుటుంబం దగ్గర బయటపడితే, ప్రజల చందాలతో 3,000 పౌండ్లు కూర్చి 1906లో తిరిగి కొనుక్కున్నారు. ఒకప్పుడు ఉచితంగా అందిన దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మళ్లీ దాతల ముందే చేయి చాచవలసి వచ్చింది.

తీసుకుని, వద్దనకుండా, దాచి ఉంచినా పని పూర్తయినట్టు కాదు. కైరోలోని బెన్ ఎజ్రా యూదు మందిరంలో పాత కాగితాలు పారేయకూడదన్న ఆచారం కొద్దీ వందల ఏళ్లుగా ఒక అటకలో వేస్తూ వచ్చారు. సాలమన్ షెక్టర్ అనే పండితుడు 1896-97లో అక్కడికి వెళ్లి వాటిని కేంబ్రిడ్జ్‌కు తరలించాడు. ప్రయాణానికి డబ్బు పెట్టింది సెయింట్ జాన్స్ కాలేజీ అధిపతి చార్ల్స్ టేలర్. 1898లో ఇద్దరూ కలిసి విశ్వవిద్యాలయానికి దానంగా అందజేసిన ఆ సంగ్రహంలో సుమారు 1,93,000 తునకలున్నాయి. మతగ్రంథాల పుటలను ముందుగా సర్దారు. చిత్తుకాగితాలుగా తోచినవి డెబ్బయి ఏళ్లకు పైగా పెట్టెల్లోనే పడి ఉన్నాయి. 1974లో వాటి కోసమే ఒక పరిశోధన విభాగం పెట్టాక గాని పని ఊపందుకోలేదు. ఆ పెట్టెల నుంచి బయటపడిన వాటిలో వర్తకుల ఉత్తరాలు, జమాఖర్చులు, పెళ్లి ఒప్పందాలు ఉన్నాయి. పన్నెండో శతాబ్దంలో మంగళూరులో కాపురముండి మిరియాల వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యీజూ అనే యూదు వర్తకుడి జీవితం, భారత పడమటి తీరపు ఓడల వర్తకం ఇలాంటి తునకల్లోంచే తెలిశాయి. తరువాత మరో దాత డబ్బుతో సంగ్రహాన్ని డిజిటల్ ప్రతులుగా తీశారు. తునకలు వచ్చింది ఒక దానం మీద, అందరికీ కనిపించింది ఇంకొక దానం మీద. మధ్యలో నూరేళ్లు గడిచాయి.

శ్రీనివాస రామానుజన్ చివరి ఏడాది లెక్కల కథ ఇంకా సన్నటి దారం మీద నడిచింది. 1920లో ఆయన చనిపోయాక మద్రాసు విశ్వవిద్యాలయం 1923లో ఒక కాగితాల కట్టను అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న గణితజ్ఞుడు హార్డీకి పంపింది. అది తరువాత వాట్సన్ అనే గణితజ్ఞుడి చేతికి వెళ్లింది. 1965లో వాట్సన్ పోయాక, ఆయన గదిలో నేల మీద అడుగు మందాన పేరుకున్న కాగితాలు కొద్ది రోజుల్లో తగలబెట్టడానికి సిద్ధంగా ఉండగా, సంస్మరణ వ్యాసం కోసం వెళ్లిన గణితజ్ఞుడు విటేకర్ చేతికి రామానుజన్ కట్ట దొరికింది. 1968 చివర అది ట్రినిటీ కాలేజీ గ్రంథాలయానికి చేరింది. 1976లో అమెరికా గణితజ్ఞుడు జార్జ్ ఆండ్రూస్ వాట్సన్ కాగితాలు తిరగేస్తూ దాన్ని చూశాడు. నూటికి పైగా పుటలు, ఆరు వందలకు పైగా సూత్రాలు. వాటికి ఆండ్రూస్, బ్రూస్ బెర్న్‌ట్ కలిసి రాసిన నిరూపణల అయిదో సంపుటం 2018లో వెలువడింది. 1968 నుంచి 1976 దాకా ఆ ఎనిమిదేళ్లలో గ్రంథాలయం చేసింది ఒక్కటే: తెలిసినవాడు వచ్చేదాకా పెట్టెను చెక్కుచెదరకుండా ఉంచడం. చూడడానికి ఏ పనీ చేయనట్టు కనిపించే ఈ పనికే దాత ఎవరూ దొరకరు.

కొత్తగా వచ్చిన పెట్టెను తెరిచిన తరువాత ఏం జరుగుతుందో దాతలకు సాధారణంగా తెలియదు. ముందు పురుగు, బూజు ఉన్నాయేమో చూసి, ఉన్నవాటిని వేరుగా ఉంచాలి. లేకపోతే ఒక పెట్టెలోని చెద మొత్తం గదికి అంటుకుంటుంది. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసేయాలి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది. ఆమ్లం లేని కవర్లలోకి, అట్టపెట్టెల్లోకి మార్చాలి. తరువాత ఎవరు ఎవరికి, ఎప్పుడు రాసినదో తేల్చి జాబితా రాయాలి. అనుభవం ఉన్న మనిషికి కూడా ఒక బీరువాడు ఉత్తరాలు నెలల పని. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి కలపగుజ్జుతో చేసిన కాగితం తనలోని ఆమ్లంతో తానే పెళుసెక్కుతుంది. 1930ల నాటి దినపత్రిక ముట్టుకుంటే పొడి అవుతుంటే, అంతకు రెండు వందల ఏళ్ల ముందటి తాటాకుకు మసి కలిపిన నిమ్మగడ్డి నూనె రాసి తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. గదిలో వేడి, చెమ్మ నిలకడగా ఉండాలి. సముద్రతీరపు ఊళ్లలో ఇది మరీ కష్టం. పగలు ఏసీ వేసి సాయంత్రం కార్యాలయం మూసేటప్పుడు ఆపేసే అలవాటు, అసలు ఏసీ లేకపోవడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. రోజూ చెమ్మ పెరిగి తగ్గుతుంటే కాగితం సాగి ముడుచుకుని పగులుతుంది.

నేలమాళిగలో దాచడం ఇంకో ప్రమాదం. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ను ముంచిన వరద బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి జొరబడి అరుదైన ఉర్దూ పుస్తకాలను నానబెట్టింది. భద్రత సంగతీ అంతే. చార్ల్స్ డార్విన్ కాగితాలను ఆయన కుటుంబం, పిల్‌గ్రిమ్ ట్రస్టు 1942లో కేంబ్రిడ్జ్‌కు ఇచ్చాయి. వాటిలో జీవవృక్షం బొమ్మ ఉన్న చిన్న నోటుబుక్కు, ఇంకొకటి 2001లో కనబడకుండా పోయాయి. ఎక్కడో తప్పుచోట పెట్టి ఉంటారనుకుంటూ ఇరవై ఏళ్లు గడిపి, 2020లో గాని పోలీసులకు ఫిర్యాదు చేయలేదు. 2022 మార్చిలో ఎవరో గులాబీ రంగు సంచిలో పెట్టి, ఈస్టర్ శుభాకాంక్షలు చెప్పి వదిలి వెళ్లారు. ఏడాదికోసారి పెట్టె తెరిచి జాబితాతో సరిచూసే మనిషి ఉంటే ఈ వింతకు చోటుండేది కాదు.

ఇక డబ్బు లెక్క. నెలకు 30 వేల జీతంతో ఒక సహాయకుణ్ణి పెట్టుకుంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు. ఏడు శాతం వడ్డీ మీద ఆ మొత్తం రావాలంటే 51 లక్షలకు పైగా డిపాజిట్ ఉండాలి, అదీ ధరలు పెరగవనుకుంటే. పెరుగుతాయి కనుక వడ్డీలో కొంత అసలులో కలుపుతుండాలి. అమెరికా విశ్వవిద్యాలయాలు శాశ్వత నిధి నుంచి ఏటా నాలుగైదు శాతానికి మించి తీయకపోవడం అందుకే. తన పేరు మీద 10 లక్షల నిధి పెట్టి ఒక సంగ్రహాన్ని శాశ్వతంగా కాపాడమనే దాతకు ఏటా 70 వేలతో ఏం జరుగుతుందో ముందే చెప్పడం మర్యాద. ఆ డబ్బుతో పెట్టెలు మార్చవచ్చు, పురుగుమందు కొట్టించవచ్చు. మనిషిని పెట్టలేరు. చిన్న దాతలకు శాశ్వత నిధి కన్నా, మూడేళ్లలో ఒక సంగ్రహం జాబితా పూర్తి చేయించే పని మీద డబ్బు ఖర్చు చేయడం మేలు. తాము బతికుండగానే ఫలితం చూస్తారు.

పన్ను చట్టాలు దానాల దారిని మళ్లిస్తాయి. బ్రిటన్‌లో వారసత్వపు పన్ను బదులు కాగితాలనే జాతికి ఇచ్చే పద్ధతి ఉంది. స్టీఫెన్ హాకింగ్ రాతలు సుమారు పది వేల పుటలు 2021లో ఈ దారినే కేంబ్రిడ్జ్‌కు చేరాయి. ఆయన కార్యాలయపు వస్తువులతో కలిపి 42 లక్షల పౌండ్ల పన్ను చెల్లయింది. అమెరికాలో 1969 పన్ను సవరణ తరువాత రచయిత తన రాతప్రతిని గ్రంథాలయానికి ఇస్తే కాగితం, సిరా ఖరీదుకు మించి మినహాయింపు రాదు. అప్పటి నుంచి రచయితలు ఇవ్వడం తగ్గించి అమ్మడం నేర్చుకున్నారు. భారతదేశంలో ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలోని విరాళానికే. తాతగారి తాళపత్రాలకు లేదు. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తెలుగువారు ఇవ్వదలిస్తే మరో మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. ఆ దేశ పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది. పుచ్చుకునే సంస్థకు అందుకు తగిన అర్హత ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఇక 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని విదేశీ విశ్వవిద్యాలయానికి కానుకగా పంపించే వీలు లేదు.

షరతుల మాటకొస్తే, కొన్నిటిని గౌరవించాలి, కొన్నిటిని ఒప్పుకోకూడదు. ఎమిలీ హేల్ తనకు కవి టి.ఎస్. ఎలియట్ రాసిన 1,131 ఉత్తరాలను 1956లో ప్రిన్స్‌టన్‌కు ఇస్తూ, ఇద్దరిలో చివరివారు పోయిన యాభై ఏళ్లదాకా తెరవొద్దంది. 2020 జనవరిలో తెరిచారు. గడువు ఉన్న షరతు ఇది, న్యాయమైనది. గడువు లేకుండా కుటుంబం ఒప్పుకున్నవారికే చూపించాలన్న షరతు మాత్రం గ్రంథాలయాన్ని ఆ కుటుంబపు గోదాముగా మారుస్తుంది. సంగ్రహం మొత్తం ఒకే గదిలో, ఫలానా బీరువాల్లోనే ఉండాలన్న పట్టుదల కూడా ఇలాంటిదే.

కాపీరైటు మీద అపోహలు ఎక్కువ. రాతప్రతి చేతికి వస్తే దాని మీది హక్కు వచ్చినట్టు కాదు. రచయిత బతికుండగా కాగితాలు ఇస్తే, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అచ్చువేసే హక్కు ఆయనకు, ఆ తరువాత వారసులకే ఉంటుంది, బతికుండగా అచ్చయిన రచనలకైతే మరణానంతరం 60 ఏళ్లు. వీలునామా ద్వారా వస్తే పద్ధతి వేరు. 1957 చట్టం 20వ సెక్షన్ ప్రకారం, వేరే ఉద్దేశం వీలునామాలో కనబడకపోతే, అచ్చుకాని రాతప్రతితో పాటు దాని కాపీరైటూ దక్కుతుంది. అందుకే పద్ధతి తెలిసిన చోట పూలదండకు ముందు దానపత్రం మీద సంతకాలు జరుగుతాయి. ఏమిస్తున్నారు, హక్కులు ఎవరివి, ఎప్పటి నుంచి ఎవరు చూడవచ్చు, రెండో ప్రతులను ఏం చేయవచ్చు అన్నవన్నీ అందులో ఉంటాయి.

తెలుగునాట ఈ దానాలకు మూలపురుషుడు ఒక ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి కావడం విచిత్రమే. 1820లో కడప చేరిన చార్ల్స్ ఫిలిప్ బ్రౌన్ సొంత జీతం ఖర్చుచేసి, అప్పులు చేసి, బంగళాలో పండితులను, లేఖకులను కూర్చోబెట్టి ప్రతులు సేకరించాడు, పాఠాలు సరిచూయించాడు, శుద్ధప్రతులు రాయించాడు. పండితుల కూలి, కాగితం ఖరీదు, బైండింగు అన్నీ ఆయన లెక్కలో ఉన్నాయి. ప్రతులతో పాటు వాటి సంరక్షణ ఖర్చును కూడా తన మీద వేసుకున్నాడు గనక ఆయన బాడ్లీ కోవలోని దాత. ఆయన మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించిన ఆ సంగ్రహం ఆ తరువాత అక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భాగమైంది. కడపలో ఆయన బంగళా శిథిలమైంది. తరువాత జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో ఆ స్థలంలోనే ప్రజల విరాళాలతో గ్రంథాలయం లేచింది. ఊరూరా తిరిగి పుస్తకాలు, తాళపత్రాలు అడిగి తెచ్చారు. ఒక మనిషి పట్టుదల మీద నడిచే సంస్థకు ఆ మనిషి తరువాత ఏమిటన్న ప్రశ్న తప్పదు. 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం దాన్ని తన పరిశోధన కేంద్రంగా తీసుకోవడంతో సిబ్బందికి, భవనానికి ఒక అండ దొరికింది. ప్రజల దానం విశ్వవిద్యాలయం గూటికి చేరిన ఈ పద్ధతి మిగతా జిల్లాలకూ పనికొస్తుంది.

మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ తన జీవితకాలపు పొదుపు లక్ష రూపాయలను అదే విశ్వవిద్యాలయంలో భార్య శారద పేరిట గ్రంథాలయశాస్త్ర ఆచార్య పీఠానికి ఇచ్చాడు. పుస్తకాలను చూసుకునే మనుషులను తయారుచేయడం మీద డబ్బు పెట్టిన అరుదైన దాత ఆయన.

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి కావలసింది కొత్త భవనం కన్నా ముందు ఒక రెండు పేజీల విధానపత్రం. ఏ విషయాల కాగితాలు తీసుకుంటాం, ఏవి తీసుకోం, ఎంత కాలంలో జాబితా చేస్తాం అన్నది అందులో ఉండాలి. అన్నీ తీసుకుని గదిలో కుప్ప పోయడం కన్నా, మా దగ్గర చోటు లేదు, ఫలానా సంస్థకు ఇవ్వండని చెప్పడం మంచి సేవ. ఇప్పటి రచయితల కాగితాలు కంప్యూటర్లలో, ఫోన్లలో ఉన్నాయి. ఎమరీ విశ్వవిద్యాలయం సల్మాన్ రష్దీ కాగితాలతో పాటు ఆయన పాత కంప్యూటర్లను కూడా తీసుకుని, వాటిలో ఒకటి ఆయన వాడినప్పుడు ఎలా పనిచేసేదో అలాగే తెర మీద కనిపించే ఏర్పాటు చేసింది. పాస్‌వర్డు తెలియని ల్యాప్‌టాప్, తాళంచెవి పోయిన ఇనప్పెట్టె ఒకటే.

దానం ఇచ్చే ఇంటివాళ్లు చేయగలిగిన పని కూడా కొంత ఉంది. ఉత్తరాలను మనసుకు నచ్చినట్టు ఏరి, సర్ది, మిగిలినవి చిత్తుకాగితాల కొట్టుకు తూచకూడదు. ఉన్నవి ఉన్న వరుసలోనే ఇవ్వాలి. చిరుగులకు సెల్లోటేప్ అంటించకూడదు, లామినేషన్ అసలు చేయించకూడదు. పాత ఫొటోల్లో ఎవరెవరో ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి అడిగి, వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, ఊరు రాసి ఉంచాలి. పెట్టె గ్రంథాలయానికి చేరాక ఆ మొహాలను గుర్తుపట్టగలిగినవారు అక్కడ ఎవరూ ఉండరు.